ఎర్ర టేపు అయిపోయిన రోజు

మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు బల్ల మీద స్పీకరు కనిపించగానే అడిగేది ఒకటే. "మేడమ్, ఎన్ని వాట్లు?" ఏటా అదే ప్రశ్న, ఏటా నాకు అదే నీరసం. గది ఎంత పెద్దది, స్పీకరు ఎన్ని ఓమ్‌లు, లోపల క్రాస్ఓవర్ ఎలా ఉంది అని ఒక్కరూ అడగరు. ఈసారి నోటితో చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. రాయడం నాకు ఎప్పుడూ సులువే. ఆ సులువు వల్ల ఒకసారి ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా.

నేను రిటైరయ్యే వయసుదాన్ని కాను. నేను చేసిన పనే నాకంటే ముందు రిటైరైపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు డిపో వెనక సందులో ఉండేది మా షాపు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. డిప్లొమా అయిన వెంటనే అక్కడ చేరాను. ఇళ్లలో పాటలు వినే స్పీకర్లను బాగుచేయడం, క్రాస్ఓవర్లు మార్చడం, వాటికి తగిన ఆంప్లిఫయర్లు తయారుచేయడం మా పని. ఉన్నది ఇద్దరమే, ఓనరూ నేనూ. ఓనర్ని నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. మాలాగే నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవాడు. చదువు పదో తరగతి దాటలేదు కానీ, ఆంప్ మూత తీయకుండా వాసన చూసి ఏ ట్రాన్సిస్టర్ పోయిందో చెప్పేవాడు.

అన్నతో ఇబ్బందల్లా ఒక్కటే. కాగితం మీద ఉన్నది చదవడు. నాతో ఇబ్బంది కూడా ఒక్కటే. కాగితం మీద తప్ప చెప్పను. కొత్తవాళ్లు ఒక్కరున్నా నా గొంతు పైకి వచ్చేది కాదు. ఇంట్లో డైరీ, షాపులో జాబ్ బుక్కు, సంచి అడుగున ఎవరికీ కనపడకుండా లైబ్రరీ పుస్తకం, ఇదీ నా లోకం. ఏ స్పీకరుకు ఏం విప్పామో, ఏం బిగించామో అన్నీ జాబ్ బుక్కులో రాసేదాన్ని. రాస్తే చెప్పినట్టేనని నమ్మేదాన్ని. డెలివరీ రోజు కస్టమర్ ఆ పేజీ కింద సంతకం పెట్టాలి. అందరూ చదవకుండా గీకేసి పోయేవాళ్లు, ఒక్క బ్యాంకు సారు తప్ప.

బ్యాంకు సారు గుంటూరు వైపు మనిషి. కొత్తపేటలో సొంత ఫ్లాటు, అందులో ఒక గది పాటలకే. మా షాపులో ఆయన పేరెత్తితే అన్న తల పట్టుకునేవాడు. వారానికోసారి ఇంటర్నెట్‌లో చదివినవి ప్రింటు తీసి, ఫైలుకు పెట్టి తెచ్చేవాడు.

"చూడమ్మా, జర్మనీలో ఒకాయన ఏం రాశాడంటే, కెపాసిటర్ మారిస్తే పాట చుట్టూ ఉన్న గాలి వినపడుతుందట."

అన్న సోల్డరింగ్ మీద నుంచి తలెత్తకుండానే అనేవాడు. "గాలి వినాల్నంటే ఫ్యాన్ కింద కూసో సారూ. గా కండెన్సర్ ఎందుకు?"

"నీకు చెప్పినా అర్థం కాదులేవయ్యా. నా చెవికి తెలుస్తుంది."

ఆయన స్పీకర్లు మాత్రం నిజంగా మంచివి. టేకు పెట్టెలు. కింద ఎనిమిది అంగుళాల వూఫర్, పైన పట్టుగుడ్డ గోపురంలా ఉండే చిన్న విదేశీ ట్వీటరు. ఆ ట్వీటర్లు చేసిన కంపెనీయే మూతపడింది. ప్రపంచంలో ఎక్కడా దొరకవని ఆయన ప్రింట్లలోనే ఉంది. పెళ్లికి ముందు నుంచి దాచుకుని, ఒక్కో భాగం కొని, ఆరేళ్లకు ఆ జత పూర్తిచేశాడట. "మా పిల్లలు ఇద్దరు, ఇవి రెండూ" అనేవాడు. ఆయన భార్య కూడా అదే మాట అనేదట, కాకపోతే వేరే స్వరంలో.

ఇక ఆంప్లిఫయర్ ఎంపిక. నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు వెయ్యి వాట్లని రాసి ఉన్న బొమ్మ తెస్తాడు. ఆ వెయ్యి అట్టపెట్టె మీది వెయ్యి. లోపల నలభై కూడా ఉండదు. మరుసటి వారం ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లకే పనికొచ్చే ఆంప్ ఫొటో తెస్తాడు. మీటరు పెట్టి చూపించాను, ఆయనవి నాలుగు ఓమ్‌లు, దానికి కలిపితే అది మూడో పాటకే పొయ్యిలా వేడెక్కుతుంది. గది పది బై పన్నెండు. నాలుగు ఓమ్‌లను మోయగల మంచి నలభై వాట్లు చాలు. ఈ మాట జాబ్ బుక్కులో మూడుసార్లు రాశాను. ఆయన మూడుసార్లూ చదివాడు, మూడుసార్లూ "నిజమేనమ్మా" అన్నాడు, నాలుగోసారి రెండొందల వాట్ల బొమ్మ తెచ్చాడు.

చివరికి అన్న చేతి ఆంప్, నలభై వాట్లది, ఒప్పుకున్నాడు. దాంతోపాటు క్రాస్ఓవర్లలో కాయిళ్లు, కెపాసిటర్లు కొత్తవి వేయాలన్నాడు. అవి బొంబాయి నుంచి కొరియర్‌లో రావాలి.

క్రాస్ఓవర్ అంటే ఏమిటో ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. పాటలో ఉన్న లావు శబ్దాన్ని వూఫర్‌కీ, సన్న శబ్దాన్ని ట్వీటరుకీ పంచే పలక అది. ట్వీటరు దారిలో కెపాసిటర్ గేటు దగ్గర కాపలాదారు లాంటిది. లావు శబ్దాన్ని లోపలికి రానివ్వదు. ఆ కాపలా తీసేస్తే వెంట్రుకంత సన్నని ట్వీటరు కాయిల్ మీద బరువంతా పడుతుంది. కాలిపోవడానికి రెండు క్షణాలు చాలు.

నేను పాత కెపాసిటర్లు తీసేశాను. ట్వీటర్ల కొలతలు తీసుకోవడానికి వాటి స్థానంలో తాత్కాలికంగా తీగ ముక్కలు కలిపాను. మీటరుతో కొలిచేటప్పుడు దాంతో ఏ ప్రమాదమూ లేదు. ఇలాంటి సగం పని మీద మా షాపులో ఒక కట్టుబాటు ఉండేది. విప్పిన స్పీకరు వెనక టెర్మినళ్ల మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు అడ్డంగా వేయాలి. ఎర్ర టేపు ఉన్న పెట్టెను అన్న కూడా ముట్టడు. చదవని మనిషి కోసం పెట్టుకున్న కట్టుబాటు అది.

టేపు డబ్బా తెరిచాను. ఖాళీ.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజుకో సభ, రోజుకో ర్యాలీ. మైకు కావాలన్న వాళ్లందరికీ అన్న లేదనకుండా ఇచ్చేవాడు. రోడ్డు పొడుగునా వేసిన వైర్ల అతుకులన్నిటికీ మా టేపులే పోయాయి. జెండా కర్రలకు కూడా అవే చుట్టారు. షాపులన్నీ సగం షట్టర్లతో ఉన్నాయి, కొత్తవి దొరకలేదు.

సరే, జాబ్ బుక్కులో రాశాను. ఇప్పటికీ ఆ వాక్యం గుర్తుంది. "ట్వీటర్ లైన్‌లో కెపాసిటర్ లేదు. ఏ ఆంప్‌కూ కలపరాదు." కింద రెండు గీతలు కూడా గీశాను. రాత్రి డైరీలోనూ రాసుకున్నాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినడం, అదే నిరసన. పొద్దున్నే కాలనీ కమిటీ వాళ్లు నలుగురు షాపులోకి వచ్చారు.

"అన్నా, ఆడోళ్ల టెంటు కాడ స్పీకర్ డబ్బాలు లేవే. పాటలు పాడేటోళ్లు ఒచ్చి కూసున్నరు."

"ఉన్నయన్ని నిన్ననే పోయినయ్ గదనే" అన్నాడు అన్న.

"గవేంది మరి?" ఒకాయన బ్యాంకు సారు పెట్టెల వైపు చేయి చూపించాడు.

అన్న ఒక్క నిమిషం తటపటాయించాడు. "అవి కస్టమర్వి..." అని, తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "రెండు గంటలే గదా. పాటలకే గదా. దుమ్ము తుడిచి పెడ్తే ఎవలకు తెలుస్తది?" పెట్టెల వెనక్కి వంగి చూశాడు. నాకు తెలుసు, ఎర్ర టేపు ఉందా అని చూశాడు. లేదు. ఎత్తాడు.

నేను లేచి నిలబడ్డాను. నలుగురు కొత్త మగవాళ్లు, అందరూ ఒకేసారి నావైపు తిరిగారు.

"అన్నా..."

"ఏంది చెల్లె?"

"అది... లోపల..."

"రాసి పెట్టు చెల్లె. సాయంత్రం సూస్త."

రాసే ఉంది! బల్ల మీద తెరిచే ఉంది! ఆ బుక్కు తీసి అతని మొహం మీద కొట్టి ఉండాల్సింది. బదులుగా నేనేం చేశానో తెలుసా? ఆ పేజీని అతనికి కనపడేలా ఇంకాస్త ముందుకు జరిపాను. ఇన్నేళ్ల తర్వాత ఈ ముక్క రాస్తుంటే కూడా నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

పెట్టెలు ట్రాలీ ఆటో ఎక్కాయి. అన్న షట్టర్ దించాడు. మా కిరాయి ఇల్లు ఎల్బీనగర్‌లోనే కాబట్టి నేనూ వాళ్ల వెనకే నడిచాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. "అన్నా, ట్వీటర్లు కాలిపోతాయి." మూడే మాటలు. కొత్తపేట దాటేసరికి కంఠతా వచ్చేశాయి.

చౌరస్తాలో పొయ్యిల పొగ, పప్పు తాలింపు వాసన. మా అమ్మ కూడా ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుని ఉంది. ఆంప్ దగ్గరికి పోదామంటే దాని చుట్టూ ఇరవై మంది. అది రెండొందల వాట్ల సభల ఆంప్. బ్యాంకు సారు కలలుగన్న అంకె, చివరికి ఆయన స్పీకర్లకు అక్కడ దక్కింది. నేను ఒకాయన భుజం వెనక నిలబడి "జరగండి" అన్నాను. నాకే వినపడలేదు. ఈలోపు పాటామె మైకు అందుకుని గొంతెత్తింది.

రెండు క్షణాలు అన్నాను కదా. ఒకటే పట్టింది. చిటుక్కుమన్న చప్పుడు కూడా జనంలో కలిసిపోయింది. వార్నిష్ కాలిన వాసన పొయ్యిల పొగలో కలిసిపోయింది. వూఫర్లు పాడుతూనే ఉన్నాయి. పాటలో "స" అన్న అక్షరం పదును మాత్రం పోయింది, దుప్పటి కప్పినట్టుగా. అక్కడున్న అన్ని వందల మందిలో అది విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను.

"గా డబ్బాలు మీ దుకాణంవేనానే?" అంది అమ్మ. "మస్తు మంచిగ ఉన్నయ్. రోజూ పెట్టే మైకు బోంగల లెక్క చెవులు పగుల్తలేవు."

సాయంత్రం పెట్టెలు తిరిగొచ్చాయి. నేను మీటరు పెట్టి చూపించాను. ముల్లు కదల్లేదు. అన్న మొహం పాలిపోయింది.

"జెప్పొద్దా చెల్లె?"

బుక్కు చూపించాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. చదవడం అయ్యాక బుక్కు మూసేసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు. "వేరే దినాలల్ల అయితే పోయి కాళ్లు మొక్కెటోణ్ణి. ఇప్పుడు చెప్తే ఏమనుకుంటడు? ఆంధ్రోని డబ్బాలని కావాల్నని కాల్చిన్రు అనుకుంటడు. సందంత పాకుతది. రేపటి సంది ఆయన నా మొకం సూడడు, నేను ఆయన మొకం సూడలేను."

అది బుకాయింపు కాదు. నిజంగానే భయపడ్డాడు. అందుకే ఆ తర్వాత చేసింది నాకు ఇంకా చిరాకు తెప్పించింది. అదే సైజు లోకల్ ట్వీటర్లు తెచ్చి, పాతవాటి ముందు జాలీలు ఊడదీసి వీటికి అంటించాడు. పని ఎంత శుభ్రంగా చేశాడంటే, ఆ శ్రద్ధలో పదో వంతు ఆ పొద్దున చూపించి ఉంటే సరిపోయేది. కొరియర్ వచ్చాక కొత్త కెపాసిటర్లు, కాయిళ్లు బిగించాము. ఆ కెపాసిటర్ల విలువ పాత ట్వీటర్లకు లెక్కకట్టింది. వీటికి సరిపోదు. అదీ చెప్పలేదు నేను. జరిగిందంతా కలిపి పాత పేజీలోనే రాసుకున్నాను.

"బుక్కుల కొత్త పేజీ రాయి చెల్లె. కండెన్సర్లు మార్చినం, కాయిళ్లు మార్చినం, ఆంప్ కలిపి చెక్ చేసినం. అంతే."

రాశాను. మూడింట్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా చేతిరాత నాది కానట్టు ఉంది. పాత పేజీ చింపమని అతను చెప్పలేదు, నేను చింపలేదు.

బ్యాంకు సారు బస్సుల్లేక కొత్తపేట నుంచి నడుచుకుంటూ వచ్చాడు. స్టూలు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యకు జరుపుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అన్న వీణ సీడీ పెట్టాడు. కుడి స్పీకర్లో తీగ మీటినప్పుడల్లా కొసన గరగరమంటోంది. చెవికి గరిటె తగిలినట్టు ఉంది నాకు. ఇక దొరికిపోయామనుకున్నాను. నిజం చెప్పాలంటే, దొరికిపోతే బాగుండుననుకున్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. చెమ్మగిల్లి ఉన్నాయి.

"అబ్బ! అబ్బబ్బ! గాలి వినపడుతోందయ్యా! నేను చెప్పలా? కెపాసిటర్ మహిమ! ఇప్పుడేమంటావ్?"

"నువ్వన్నదే నిజం సారూ" అన్నాడు అన్న, నేల చూస్తూ.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు నెలలు మా ప్రాణం తీసిన చెవి అది! సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పాట ఆగింది. సందులో ఎవరో జనరేటరు తాడు లాగుతున్న చప్పుడు తప్ప అంతా నిశ్శబ్దం.

"సంతకం పెట్టేస్తానమ్మా, బుక్కివ్వు" అంటూ జేబులు తడుముకున్నాడు. "అరెరె, కళ్లజోడు ఇంట్లో పెట్టి వచ్చా. నువ్వే చదివి వినిపించు తల్లీ. చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు నాకు."

బుక్కు నా చేతుల్లో ఉంది. కుడి పేజీలో మూడు లైన్లు. ఎడమ పేజీలో అసలుది. అన్న నన్నే చూస్తున్నాడు. బెదిరింపు చూపు కాదు, బతిమాలే చూపు. అది ఇంకా కష్టం. కుడి పేజీ చదివితే పది సెకన్లలో అయిపోతుంది. ఆయన ఆనందంగా ఇంటికి పోతాడు, ఆ గరగరను గాలి అనుకుంటూ జన్మంతా వింటాడు. ఎవరికీ నష్టం లేదు.

నేను ఎడమ పేజీ చదివాను. చదవడమే కాబట్టి చదవగలిగాను. అదే మాట నోటితో చెప్పమంటే ఇప్పటికీ చెప్పి ఉండేదాన్ని కాదు.

"ట్వీటర్ లైన్‌లో కెపాసిటర్ లేదు. ఏ ఆంప్‌కూ కలపరాదు." ఆగాను. "ఎల్బీనగర్ వంటావార్పులో వాడారు. రెండు ట్వీటర్లూ కాలిపోయాయి. లోకల్ ట్వీటర్లు వేశాము. పాత జాలీలు అంటించాము."

బ్యాంకు సారు వంగి ట్వీటరు జాలీని వేలితో తడిమి చూశాడు. తర్వాత అన్నను కాకుండా నన్నే అడిగాడు.

"కావాలని చేశారామ్మా?"

"లేదు సార్. టేపు అయిపోయింది."

"టేపా?"

"ఎర్ర టేపు సార్. అది వేస్తే అన్న ముట్టడు. మీటింగుల వైర్లకు అయిపోయింది. నేను బుక్కులో రాశాను. నోటితో చెప్పలేదు."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అలాంటి అబద్ధం ఎవరూ అల్లలేరని తేల్చుకున్నట్టున్నాడు.

"తప్పైంది సారూ" అన్నాడు అన్న. "నిన్ను అడగకపోవుడు తప్పు. దాసిపెట్టుడు ఇంకా తప్పు."

"అడగాలయ్యా" అన్నాడు బ్యాంకు సారు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కాదనుకో. అయినా అడగాలి." కాసేపాగి, "ఎలా మోగాయి?"

"మంచిగ మోగినయ్ సారూ. ఆడోళ్లందరు మెచ్చుకున్నరు."

"ట్వీటర్లు కాలిపోయాక కూడానా? ఎవరికీ తెలియలేదా?"

"ఎవ్వలకు తెల్వలే."

"నాకూ తెలియలేదు" అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ముఖం చూడలేకపోయాను. కాలిన ట్వీటర్లు అడిగి తీసుకుని, చేతిరుమాల్లో చుట్టుకుని, సంతకం పెట్టకుండా, స్పీకర్లు తీసుకోకుండా ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

అన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు ఉద్యోగం ఉంటుందో లేదో అనుకుంటూ వెళ్లాను. బల్ల మీద ప్లాస్టిక్ సంచి నిండా ఎర్ర టేపులు. ఎక్కడ సంపాదించాడో.

"బుక్కు తీయి" అన్నాడు తలెత్తకుండా. "పెండింగ్ ఉన్నయన్నీ చదువు."

చదవడం మొదలుపెట్టాను.

"వినవడ్తలేదు చెల్లె. నీ ట్వీటర్ గిట్ట కాలిందా?"

అప్పటినుంచి రోజూ అదే తంతు. షట్టర్ ఎత్తగానే నేను జాబ్ బుక్కు పైకి చదవాలి, అన్న వినాలి. పక్క వాచీల షాపాయన కూడా చాయ్ తాగుతూ వినేవాడు. రోజూ పొద్దున్నే నాకు చెమటలు పట్టేవి. సిగ్గు పోయిందా అంటే పోలేదు. సిగ్గుపడుతూనే గట్టిగా చదవడం వచ్చింది.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున మూడో పేజీ చదువుతుంటే గడపలో నీడ పడింది. కళ్లజోడు, చేతిలో ఫైలు, ఫైల్లో ప్రింట్లు. నేను ఆగిపోయాను. అన్న లేచి, స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

"ఆపకు, చదవమ్మా" అన్నాడు బ్యాంకు సారు కూర్చుంటూ. "మా పేజీ వచ్చేదాకా ఉంటాను."

వచ్చింది. మొత్తం చదివాను, ఈ ట్వీటర్లకు ఆ కెపాసిటర్ల విలువ సరిపోదన్న చివరి లైనుతో సహా. ఆయన శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, ఫైలు తెరిచాడు.

"అయితే క్రాస్ఓవర్ మళ్లీ మొదట్నుంచి లెక్కకట్టాలన్నమాట. సరే కట్టమ్మా, వీటికి తగ్గట్టే కట్టు. కాకపోతే ముందొక మాట చెప్పు." ముందుకు వంగాడు. "ఈ లోకల్‌వి ఎన్ని వాట్లు?"